తాళపత్రాల చుట్టూ అపోహలు

తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయం చూసొచ్చినవాళ్లూ, అటక మీద తాతలనాటి తాటాకుల కట్ట దొరికిందని ఫోన్ చేసేవాళ్లూ నన్ను అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. రాతప్రతుల సంరక్షణ నా పని. ఆ ప్రశ్నల వెనకున్న అపోహల వల్ల మంచి ప్రతులు పాడైపోవడం కళ్లారా చూస్తున్నాను కాబట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: ఈ ఆకులు వేల ఏళ్ల నాటివి.

కావ్యం పాతది కావచ్చు, ఆకు అంత పాతది కాదు. మన దగ్గరుండే తేమకీ పురుగుకీ తట్టుకుని తాటాకు మూడు నాలుగు వందల ఏళ్లు నిలిస్తే అదే గొప్ప. నేపాల్ చలిలో స్కాందపురాణం ప్రతి ఒకటి క్రీ.శ. 810 నుంచి నిలిచి ఉంది. గోదావరి ఒడ్డున అది కుదిరే పని కాదు. అందుకే ఆకు శిథిలమవుతుంటే కొత్త ఆకుల మీదికి ఎత్తి రాసుకునేవారు. పదకొండో శతాబ్దపు నన్నయ భారతం అచ్చు యంత్రం దాకా వచ్చింది ఇలా తరతరాలుగా ఎత్తి రాసినవాళ్ల చేతుల మీదుగానే.

పోనీ, ప్రతి చివర తేదీ ఉంటుంది కదా అంటారు. చాలాసార్లు ఉండేది సంవత్సరం పేరు, మాసం, తిథి, వారం మాత్రమే. ‘విరోధి నామ సంవత్సరం’ అని ఉందనుకోండి. అది 1769 కావచ్చు, 1829 కావచ్చు, 1889 కూడా కావచ్చు. శక సంవత్సరం వేసి ఉంటే అదృష్టమే. లేకపోతే తిథి, వారం కుదురుతున్నాయో లేదో లెక్క కట్టుకోవాలి, రాత తీరు చూసుకోవాలి.

అపోహ: సిరాతో రాశారు.

మన దక్షిణాదిలో గంటంతో, అంటే మొన ఉన్న ఇనుప కలంతో గీశారు. ఎడమచేతిలో ఆకు, ఆ బొటనవేలే గంటానికి ఆసరా. గీసినప్పుడు అక్షరం దాదాపు కనపడదు, ఆకు రంగులోనే ఉంటుంది. తర్వాత మసి పూసి తుడిస్తే గీతల్లో నల్లగా నిలుస్తుంది. అందుకే మసి వెలిసిపోయిన ఆకును ‘ఖాళీది’ అని పారేయకండి. పక్క నుంచి వెలుతురు పడేలా కొంచెం వాల్చి చూడండి, అక్షరాలు లేచి కనిపిస్తాయి.

తెలుగు లిపి గుండ్రదనమంతా తాటాకు చలవే అనే మాట కూడా బాగా ప్రచారంలో ఉంది. అదే ఆకు మీద, అదే గంటంతో రాసిన తమిళంలో నిలువు, అడ్డగీతలు ఎన్ని లేవు? ఆకు ప్రభావం ఉంటే ఉండొచ్చు, అదొక్కటే కారణమంటే నేను ఒప్పుకోను.

అపోహ: తెల్ల గ్లౌజులు లేకుండా ముట్టుకోకూడదు.

సినిమాల్లో బాగుంటుంది. గ్లౌజు వేసుకుంటే వేలికి స్పర్శ తెలియదు, చిట్లిన అంచు దారానికి తగులుకుని విరుగుతుంది. చేతులు సబ్బుతో కడుక్కుని, పూర్తిగా ఆరాక రెండు చేతులతో పట్టుకుంటే చాలు. ఫోటోలకీ లోహపు వస్తువులకీ మాత్రం గ్లౌజులు కావాలి.

అపోహ: కొబ్బరినూనె రాస్తే ఆకు మెత్తబడి బతుకుతుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. కొబ్బరినూనె ఆకు మీద జిగటగా మిగిలిపోయి దుమ్ము పట్టిస్తుంది, ఆకులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. మేము వాడే నిమ్మగడ్డి నూనెలో ఎక్కువ భాగం ఆవిరైపోతుంది. దాన్నైనా ఆకు స్థితి చూశాకే, పలచగా రాస్తాం. లేఖకులు ప్రతుల చివర రాసిపెట్టిన శ్లోకం ఒకటుంది:

తైలాద్రక్షేజ్జలాద్రక్షేద్రక్షేచ్ఛిథిలబంధనాత్
మూర్ఖహస్తే న దాతవ్యమేవం వదతి పుస్తకమ్

నూనె నుంచి, నీటి నుంచి, వదులు కట్టు నుంచి నన్ను కాపాడండి, మూర్ఖుల చేతికివ్వకండి అని పుస్తకమే చెబుతోంది. ‘వదులు కట్టు’ అన్నది అనుభవం మీద చెప్పిన మాట. తాడు వదులైతే ఆకులు ఒకదాన్నొకటి రాసుకుంటాయి, అంచులు వంకర తిరుగుతాయి. రెండు చెక్కల మధ్య సమంగా, బిగుతుగా కట్టాలి. లామినేషన్ మాట మాత్రం ఎత్తకండి. ఒకసారి చేశాక ఆకును విడదీయడం దాదాపు అసాధ్యం.

అపోహ: మన ప్రతులన్నీ తెల్లవాళ్లు లండన్ పట్టుకుపోయారు.

కొన్ని వెళ్లాయి, నిజమే. తిరిగొచ్చినవీ ఉన్నాయి. 1837 ప్రాంతంలో సి.పి. బ్రౌన్ లండన్‌లో ఈస్టిండియా కంపెనీ కార్యాలయమైన ఇండియా హౌస్‌లో పడి ఉన్న దక్షిణాది ప్రతుల్ని గుర్తించి మద్రాసుకు తిప్పి పంపించారు. తన సొంత సేకరణనూ మద్రాసు లిటరరీ సొసైటీకి ఇచ్చారు. కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ తన సహాయకులైన కావలి సోదరుల శ్రమతో కూడబెట్టిన కైఫీయతుల్లో, అంటే ఊళ్ల స్థానిక చరిత్రల్లో, చాలా భాగం కూడా చెన్నైలోనే ఉంది. 1869లో మొదలైన అక్కడి ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి ఈ సేకరణలే పునాది.

అపోహ: తంజావూరులో తెలుగు ప్రతులేమిటి?

తంజావూరునేలిన రఘునాథ నాయకుడు తెలుగులో కావ్యాలు రాసిన రాజు. ‘విజయవిలాసం’ చేమకూర వెంకటకవి ఉన్నది ఆయన కొలువులోనే. తర్వాతి మరాఠా రాజులూ తెలుగును వదల్లేదు. వాళ్లలో రెండో శరభోజి (1798-1832) సరస్వతీ మహల్ గ్రంథాలయాన్ని ఎంతగానో పెంచాడు. యాత్రికులుగా వెళితే మ్యూజియం భాగం చూడొచ్చు. ప్రతులు తెరిచి చదవాలంటే ముందే రాసి అనుమతి తీసుకోండి, ఏ ప్రతి కావాలో కేటలాగు సంఖ్యతో సహా అడగండి.

ఇంట్లో కట్ట ఉన్నవాళ్లు ఇవాళే ఒక పని చేయండి. ఆకుల వరుస మార్చకుండా, ఎడమ అంచున ఉండే అంకెలు కనపడేలా రెండు వైపులా ఫోటోలు తీయండి. అక్షరం చదవడం రాకపోయినా ఫరవాలేదు. తిరుపతి ప్రాచ్య పరిశోధన సంస్థ లాంటి చోట చూపిస్తే అదేమిటో చెప్పగలవాళ్లు ఇంకా ఉన్నారు.