సన్‌రూఫ్ షేడ్ జారితే గమ్ము పెట్టకండి: అపోహలు - వాస్తవాలు

ఎండలు ముదిరాయంటే హనుమకొండలో మా సీట్ వర్క్స్ ముందుకు ఒకే రకం కంప్లయింట్‌తో కార్లు వస్తాయి. డోర్ తీస్తే చాలు, సన్‌రూఫ్ షేడ్ (కారు పైకప్పు అద్దం కింద ఎండ ఆపేందుకు ముందుకు వెనక్కి జరిగే పలక) బట్ట ఊడి తలకు తగులుతుంటుంది. కారు దిగిన మనిషి మొదటి మాట: "అన్నా, జర గమ్ము కొట్టియ్యి, పది నిమిషాల పనే గదా." ఈ ఒక్క మాట నమ్మి జనం పోగొట్టుకునే పైసలు చూడలేక రాస్తున్నాను.

అపోహ: గమ్ము ఊడింది, మళ్లీ గమ్ము పెడితే అతుక్కుంటది.

వాస్తవం: పోయింది గమ్ము కాదు, ఫోం. షేడ్‌లో గట్టి బోర్డు ఉంటుంది. బట్ట వెనక పల్చటి ఫోం ఉంటుంది, బోర్డుకు అంటుకునేది ఆ ఫోమే. పైన అద్దం, మధ్యలో గాలి ఆడదు. మే నెలలో రామగుండం, భూపాలపల్లి దిక్కు బయటే 45 డిగ్రీలుంటే, ఎండలో నిలబెట్టిన కారులో అద్దం కింద 70 దాకా పోవచ్చు. ఏండ్ల తరబడి ఆ వేడి, పైనుంచి వానాకాలం చెమ్మ. ఫోం చివికి పొడి అవుతుంది. అనుమానముంటే జారిన చోట బట్టను వేలితో బోర్డుకు ఒత్తి రుద్దండి. పసుపు రంగు పొడి జలజలా సీటు మీద రాలుతుంది. మీరు పెట్టే గమ్ము ఆ పొడిని పట్టుకుంటుంది తప్ప బోర్డును కాదు. రెండు ఎండలు తగిలితే మళ్లీ కిందికే.

అంతటితో ఆగితే బాధ లేదు. సిరంజితో గమ్ము ఎక్కించే పద్ధతి ఒకటి వీడియోలలో తిరుగుతోంది. మంచిర్యాల నుంచి సింగరేణిలో చేసి రిటైరైన పెద్దాయన భార్యతో వచ్చారు. వాళ్ల షేడ్ బట్ట నిండా సూది రంధ్రాలు, ఒక్కో రంధ్రం చుట్టూ గట్టిపడిన పసుపు మరక. బట్ట లాగితే బోర్డు పైపొర పెచ్చులుగా దాంతో పాటే వచ్చింది. అప్పటికే ఒకచోట సన్‌రూఫ్ అసెంబ్లీ, అంటే అద్దం, అది జరిగే రైలు పట్టీలు, మోటార్ కలిపి సెట్టు మొత్తం మార్చాలని చెప్పారట. ఆ అమ్మ భయం వేరే: "బిడ్డా, తొవ్వల అద్దం మా మీద పడది గదా?" పడదమ్మా అని, అద్దం దాని ఫ్రేముకు స్క్రూలతో ఎట్లా బిగించి ఉందో దగ్గరికి తీసుకెళ్లి చూపించాను. షేడ్ వేరు, అద్దం వేరు. బట్ట ఊడినంత మాత్రాన అద్దానికి ఏమీ కాదు. ఇది తెలియక ఎంతమంది రాత్రిళ్లు నిద్ర పాడు చేసుకుంటున్నారో. చివరికి బోర్డుకు వెనక ఫైబర్ మ్యాట్ వేసి నిలబెట్టాం. సిరంజి తగలకముందే వచ్చి ఉంటే బట్ట మార్చే ఖర్చుతో పోయేది.

సరైన పని ఇది. బోర్డు బయటికి తీయాలి. కొన్ని మోడళ్లలో అద్దం విప్పితే వస్తుంది, కొన్నింట్లో రూఫ్ లైనింగ్ దించాలి. పాత ఫోం పొడి మొత్తం మెత్తటి బ్రష్‌తో గీకాలి. అసలు పని ఇదే, టైమంతా దీనికే పోతుంది. తర్వాత వేడికి తట్టుకునే గమ్ము బోర్డుకూ, కొత్త బట్ట వెనక ఫోముకూ రెండింటికీ కొట్టి, వేలికి అంటనంత ఆరాక మధ్య నుంచి అంచులకు ఒత్తుకుంటూ పోవాలి. బట్ట మందం కూడా చూడాలి. ఫోం పాతదానికంటే మందమైతే షేడ్ వెనక్కి జరిగే సందులో ఇరుక్కుంటుంది. సీటుకు వాడే మందపాటి బట్ట వేయించుకొని, షేడ్ కదలట్లేదని మా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు.

మిగతావి గబగబా చెప్తా.

"అసెంబ్లీ మార్చుడే" అన్నది చాలాసార్లు అబద్ధం. రైలు వంగినా, మోటార్ పోయినా అప్పుడు మాట్లాడుకుందాం. పనోరమిక్ రూఫ్‌లో (పైకప్పు చాలా మేర అద్దమే ఉండేది) చుట్టుకునే తెర అయితే కథ వేరు. అక్కడ ఫోం సంగతి కాదు, తెర అంచు పక్క రైలు నుంచి తప్పడమో, స్ప్రింగ్ పట్టు తగ్గడమో. చేత్తో గుంజొద్దు, రైలుకు గ్రీజు పూయొద్దు. మేడారం పోయొచ్చిన ఎర్ర దుమ్మంతా ఆ గ్రీజుకే పడుతుంది.

"సన్‌రూఫ్ ఉంటే వాన కురుస్తది." అద్దం రబ్బరు దాటి కొంచెం నీళ్లు రావడం మామూలే, వాటిని బయటికి పంపేందుకే మూలల్లో డ్రెయిన్ పైపులున్నాయి. అవి పూడుకుంటేనే లోపల కారుతుంది. పూడిక తీద్దామని కంప్రెసర్ గాలి గట్టిగా కొడితే పైపు ఊడుతుంది, జాగ్రత్త. బట్ట మీద నీటి మరకల చారలుంటే ముందు పైపులు చూపించుకోండి, షేడ్ తర్వాత.

తెరవడానికి లేని అద్దం రూఫ్ ఉన్న ఎలక్ట్రిక్ కార్లకు బయట కొన్న జాలీ షేడ్ పెట్టి, అది జారుతోందని పక్కన స్క్రూ హుక్కులు కొట్టించుకుంటున్నారు. దయచేసి వద్దు! రూఫ్ అంచు లైనింగ్ వెనకే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ (గుద్దుకున్నప్పుడు పక్క నుంచి తలను కాపాడే గాలి సంచి) ఉంటుంది, స్క్రూ దానికి తగలొచ్చు. మీ మోడల్ కొలతకు సరిపోయే ఫ్రేమున్న షేడ్ తెచ్చుకొని, దాని క్లిప్పులు అద్దం అంచు సందులో దోపితే చాలు.

వెంటనే షాపుకు రాలేని దూరంలో ఉంటే షేడ్‌ను వెనక్కి నెట్టకండి, వేలాడే బట్ట సందులో ఇరుక్కొని చిరుగుతుంది. ఉన్నచోటే మూసి ఉంచండి. మరీ కళ్లకు అడ్డమొస్తే సీట్ షాపుల్లో దొరికే మెలి పిన్నులు బట్టలోంచి బోర్డులోకి తిప్పండి. ఎట్లాగూ ఆ బట్ట మార్చాల్సిందే కాబట్టి ఆ రంధ్రాలతో నష్టం లేదు.