పేరుకు చట్టం లేని చదువు

విజయవాడ ఐటీఐ రోడ్డులో ఉన్న స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ (ఎస్‌పీఏ)కు కేంద్రం ఇచ్చే ఎక్సలెన్స్ కేంద్రం హోదా ఎందుకు దక్కలేదు? ర్యాంకుల జాబితా వెలువడినప్పుడో, బుడమేరు ఊరి మీద పడినప్పుడో ఈ ప్రశ్న పైకి లేస్తుంది. నాలుగు రోజులు నలిగి మళ్లీ సద్దుమణుగుతుంది. ఇప్పుడు ఇంకోసారి లేచింది.

గొడవకు మూలమైన మాట 2022 ఫిబ్రవరి 1 నాటి బడ్జెట్ ప్రసంగంలో ఉంది. పట్టణ ప్రణాళిక, డిజైన్‌లలో భారతీయ నగరాలకు సరిపడే విజ్ఞానాన్ని పెంచడానికి, ధ్రువీకృత శిక్షణ ఇవ్వడానికి వేర్వేరు ప్రాంతాల్లో ఇప్పటికే ఉన్న అయిదు సంస్థల వరకు ఎంపిక చేస్తామనీ, ఒక్కోదానికి 250 కోట్ల రూపాయల మూలనిధి ఇస్తామనీ ఆర్థిక మంత్రి ప్రకటించారు. తర్వాత నాలుగు పేర్లు వచ్చాయి: ఢిల్లీ ఎస్‌పీఏ, ఖరగ్‌పూర్ ఐఐటీ, కాలికట్ ఎన్‌ఐటీ, అహ్మదాబాద్ సెప్ట్ విశ్వవిద్యాలయం. ‘అయిదు వరకు’ అన్న మాటలో నాలుగూ ఇమిడిపోతాయి కనుక మాట తప్పారని అనడానికి లేదు. కానీ ఢిల్లీ, భోపాల్, విజయవాడ ఎస్‌పీఏలు మూడూ 2014లో వచ్చిన ఒకే చట్టం కింద జాతీయ ప్రాధాన్య సంస్థలయ్యాయి. జాబితాలో కనిపించింది మాత్రం పెద్దన్న ఒక్కరే.

ఇంకో విచిత్రం ఉంది. కేంద్ర విద్యాశాఖ ఆధ్వర్యంలోనే వెలువడే ఉన్నత విద్యాసంస్థల జాతీయ ర్యాంకుల (ఎన్‌ఐఆర్‌ఎఫ్) పట్టికలో, ఆర్కిటెక్చర్, ప్లానింగ్ విభాగంలో 2023, 2024, 2025 మూడేళ్లూ మొదటి స్థానం రూర్కీ ఐఐటీది. ఆ రూర్కీ ఈ నలుగురిలో లేదు. శ్రేష్ఠత ఒకటే అయితే కొలబద్దలు రెండెందుకన్న అనుమానం విజయవాడ వాళ్లకే రానక్కర్లేదు. అసలు 2023కు ముందు ఆ పట్టికలో ప్లానింగ్ అన్న పేరే ఉండేది కాదు. విభాగం ఆర్కిటెక్చర్, అంతే. ప్రణాళిక చెప్పే కళాశాలలను కలుపుకోవడానికి ఆ ఏడాది శీర్షికకు రెండో మాట తగిలించారు.

ఆ రెండో మాట అంత ఆలస్యంగా ఎందుకు తగిలిందన్న దగ్గరే అసలు కథ ఉంది. 1951లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టౌన్ ప్లానర్స్, ఇండియా అనే సంఘం పుట్టింది. 1955లో ఢిల్లీలో ప్రణాళిక చదువుకు ప్రత్యేక పాఠశాల వచ్చింది. 1959లో దాన్ని ఢిల్లీ పాలిటెక్నిక్‌లోని ఆర్కిటెక్చర్ విభాగంతో కలిపి ఎస్‌పీఏ చేశారు. రెండు చదువులు ఒకే కప్పు కిందికి వచ్చాయి. అప్పటికి రెండూ సమానమే. ఏ ఒక్కదానికీ చట్టం లేదు.

దారులు చీలింది 1972లో, ఆర్కిటెక్టుల చట్టంతో. ఆర్కిటెక్టుల బిల్లు 1968 డిసెంబరులో రాజ్యసభకు వచ్చింది. ఉభయసభల సంయుక్త సంఘం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. భవనం గీసే పనంతా ఆర్కిటెక్టులకే అప్పగిస్తే ఇంజనీర్ల గతేమిటన్న ప్రశ్న తలెత్తింది. చివరికి తేలింది మధ్యేమార్గం: పని ఎవరైనా చేసుకోవచ్చు, ‘ఆర్కిటెక్ట్’ అనే పేరు మాత్రం నమోదైన వాళ్లదే. చట్టంలోని 37వ సెక్షన్ సారం ఇదే. చూడటానికి ఇది బోర్డు మీది మాటకు కాపలా మాత్రమే. కానీ పేరుకు కాపలా పెట్టాక రిజిస్టరు కావాలి. రిజిస్టరులో ఎవరిని రాయాలో తేల్చడానికి ఏ డిగ్రీలు చెల్లుతాయో చెప్పాలి. డిగ్రీ చెల్లాలంటే కళాశాలలో అధ్యాపకులెందరు, స్టూడియోలెన్ని, ఏం చెబుతున్నారు అని వెళ్లి చూడాలి. అలా ఒక్క మాట వెనకాల మండలి, తనిఖీ, కనీస ప్రమాణాలు, మొత్తం యంత్రాంగం నడిచి వచ్చింది.

ప్లానర్లకు అది రాలేదు. వాళ్ల సంఘానికి అప్పటికే ఇరవయ్యొక్క ఏళ్లు. సభ్యత్వం ఇస్తుంది, అసోసియేట్ పరీక్ష పెడుతుంది, ఏటా సదస్సు జరుపుతుంది. ఇవన్నీ సంఘం ఇచ్చే గౌరవాలు, చట్టం ఇచ్చే హక్కులు కావు. సంఘంలో సభ్యత్వం లేకుండా రేపు ఎవరైనా తలుపు మీద ‘టౌన్ ప్లానర్’ అని రాయించుకుంటే అడ్డుకునే కేంద్ర చట్టం లేదు. ఆనాటి ప్లానర్లకు సర్కారు కొలువే ప్రధాన దారి కావడంతో పేరుకు రక్షణ కావాలని గట్టిగా పట్టుబట్టాల్సిన అవసరం వాళ్లకు తోచలేదేమో. ఆ నిమ్మళానికి మూల్యం తర్వాతి తరాలు కట్టాయి.

సాంకేతిక విద్యను నియంత్రించే అఖిల భారత మండలి ఏఐసీటీఈకి పుట్టుకైన 1987 నాటి చట్టం సాంకేతిక విద్య అంటే ఏమిటో చెబుతూ ఆర్కిటెక్చర్‌నూ టౌన్ ప్లానింగ్‌నూ పక్కపక్కనే రాసింది. ఆర్కిటెక్చర్ దగ్గర మాత్రం ఏఐసీటీఈ, ఆర్కిటెక్టుల మండలి అని ఇద్దరు పెద్దలయ్యారు. ఆ పేచీ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆర్కిటెక్చర్ విద్యలో 1972 చట్టం కింది మండలి మాటే చెల్లుతుందని 2019 నవంబరులో తీర్పు వచ్చింది. ఆర్కిటెక్చర్ తన ఇంటికి తాను వెళ్లిపోయింది. వెళ్లడానికి సొంత ఇల్లు లేని ప్లానింగ్ ఏఐసీటీఈ దగ్గరే ఉండిపోయింది.

మరుసటి ఏడాది, 2020 మార్చిలో, నోయిడా అథారిటీ పోస్టుల మీద ఇంకో తీర్పు. ‘అసోసియేట్ ఆర్కిటెక్ట్’ అనే హోదాను మండలిలో నమోదు కాని ఉద్యోగికి ఇవ్వవచ్చా అన్నది వివాదం. పని చేయించుకోవచ్చు కానీ ఆ పేరు పెట్టకూడదు, కావాలంటే పోస్టు పేరు మార్చుకోండి అని కోర్టు తేల్చింది. ఒక్క పదం కోసం దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లగలిగిన వృత్తి ఒకవైపు ఉంది. అదే పోస్టులో ‘ప్లానర్’ అన్న మాట ఉంటే ఆ 37వ సెక్షన్ పట్టుకుని కోర్టుకు వెళ్లే దారే లేదు.

దీని ఫలితం చూడాలంటే ఢిల్లీ వెళ్లనక్కర్లేదు. తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ 2022లో పురపాలక శాఖకు 175 టౌన్ ప్లానింగ్ బిల్డింగ్ ఓవర్సీర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. విద్యార్హతల వరుస చదవండి. సివిల్ డిప్లొమా, ‘లేదా’, సివిల్ డిగ్రీ, ‘లేదా’, ఆర్కిటెక్చర్ డిగ్రీ, ‘లేదా’, ప్లానింగ్ డిగ్రీ. పోస్టు పేరులోనే టౌన్ ప్లానింగ్ ఉంది. అర్హతల్లో మాత్రం అది ఒక ‘లేదా’. హైదరాబాద్‌లోని ఆర్కిటెక్చర్, లలితకళల విశ్వవిద్యాలయం జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో నాలుగేళ్లు భూ వినియోగం, రవాణా, గృహవసతి, ప్రాంతీయ ప్రణాళిక చదివిన విద్యార్థి, పదో తరగతి తర్వాత మూడేళ్ల డిప్లొమా చేసిన కుర్రవాడితో కలిసి అదే పరీక్ష రాస్తాడు. నెగ్గితే చేతికి వచ్చేది టేపు. సెట్‌బ్యాక్ (కట్టడం చుట్టూ వదలాల్సిన ఖాళీ) ఎన్ని అడుగులు వదిలారు, అనుమతి రెండంతస్తులకైతే మూడోది ఎందుకు లేచింది, ఇవీ రోజువారీ లెక్కలు. డిప్లొమా కుర్రవాడిని తక్కువ చేయడం లేదు, టేపు పట్టడంలో అతనిదే పైచేయి కావచ్చు. మరి ఆ నాలుగేళ్ల చదువు ఏ ఉద్యోగం కోసమన్న ప్రశ్నకు సర్కారు దగ్గర జవాబు లేదు.

నీతి ఆయోగ్ 2021 సెప్టెంబరులో ఇచ్చిన నివేదిక ఈ మాటే కొంచెం మర్యాదగా చెప్పింది. దేశంలోని 7,933 పట్టణ ఆవాసాల్లో 65 శాతానికి మాస్టర్ ప్లాన్ లేదు. రాష్ట్రాల పట్టణ ప్రణాళిక శాఖల్లో 12 వేలకు పైగా ప్లానర్లు కావాల్సి ఉండగా మంజూరైన పోస్టులు 4 వేల లోపు, వాటిలోనూ 42 శాతం ఖాళీ. పైగా చాలా రాష్ట్రాల్లో ఆ పోస్టులకు ప్లానింగ్ డిగ్రీ తప్పనిసరి అర్హత కాదు. ప్లానర్ల కోసం చట్టబద్ధమైన జాతీయ మండలి పెట్టమని ఆ నివేదిక సిఫారసు చేసింది. అంటే 1972లో ఆర్కిటెక్టులకు దక్కినది యాభై ఏళ్లు ఆలస్యంగానైనా వీళ్లకూ ఇవ్వమంది.

అయిదు నెలలకు బడ్జెట్ వచ్చింది. అందులో సంస్థలకు డబ్బు ఉంది, పాఠ్యప్రణాళికలు మెరుగుపరిచే బాధ్యత ఏఐసీటీఈకి ఉంది. మండలి ఊసు లేదు. అది ఇప్పటికీ చట్టం కాలేదు.

మండలి వద్దనే వాళ్లూ ఉన్నారు. పట్టణ ప్రణాళిక ఒక్క డిగ్రీ సొత్తు కాదని, భూగోళం, అర్థశాస్త్రం, సివిల్ ఇంజనీరింగ్, న్యాయం చదివిన వాళ్లంతా కలిస్తేనే నగరం అర్థమవుతుందని, పేరుకు కంచె వేస్తే వాళ్లంతా బయటపడతారని వాదిస్తారు. ఇంకో మండలి అంటే ఇంకో తనిఖీ బృందమేనని కూడా అంటారు. ఈ మాటల్లో నిజం లేకపోలేదు. కానీ కంచె లేని ఈ యాభై ఏళ్లలో ఆ కుర్చీల్లోకి భూగోళ శాస్త్రవేత్తలు, ఆర్థికవేత్తలు వచ్చి కూర్చున్న దాఖలాలు పురపాలక కార్యాలయాల్లో కనపడవు.

తెలుగువాళ్లకు ఇందులో ఇంకో జ్ఞాపకం కలిసి ఉంది. కొత్త రాజధాని ఎక్కడ ఉండాలో చెప్పడానికి 2014లో కేంద్రం కె.సి. శివరామకృష్ణన్ అధ్యక్షతన నిపుణుల సంఘం వేసింది. ఢిల్లీ ఎస్‌పీఏలో అర్బన్ డిజైన్ బోధించిన కె.టి. రవీంద్రన్, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హ్యూమన్ సెటిల్‌మెంట్స్ నుంచి ఆరోమర్ రేవి, జాతీయ నగర వ్యవహారాల సంస్థ నుంచి జగన్ షా అందులో సభ్యులు. ప్రణాళిక బోధన, పరిశోధనలలో పేరున్న వాళ్లకు ఇంతకంటే పెద్ద గుర్తింపు ఏముంటుంది? విజయవాడ, గుంటూరు మధ్య సారవంతమైన పొలాల మీద మహానగరం కట్టవద్దని వాళ్లు హెచ్చరించారు. ఆగస్టు 27న నివేదిక అందింది. సెప్టెంబరు 4న అసెంబ్లీలో విజయవాడ పరిసరాల్లోనే రాజధాని అన్న ప్రకటన వెలువడింది. మధ్యలో ఎనిమిది రోజులు. మరుసటి ఏడాది జూలై 20న, గోదావరి పుష్కరాల వేళ, రాజమండ్రిలో సింగపూర్ మంత్రి రాజధాని కేంద్ర భాగమైన సీడ్ క్యాపిటల్ మాస్టర్ ప్లాన్ అందజేశారు. అప్పటికి విజయవాడ ఎస్‌పీఏకు ఏడేళ్లు. ఆ ప్లాన్ బాగోగులు ఈ కథనం పరిధిలోకి రావు. రాజధాని ఊళ్లకూ ఆ కళాశాలకూ మధ్య ఉన్నది మాత్రం కృష్ణానది ఒక్కటే.

చదువు వైపు నుంచి చూస్తే ఆర్కిటెక్చర్, ప్లానింగ్‌ల విడాకులు దాదాపు పూర్తయ్యాయి. 2020 నుంచి జేఈఈ మెయిన్‌లో బీప్లానింగ్‌కు వేరే పేపరు పెట్టారు. బొమ్మ వేయనక్కర్లేదు, దాని స్థానంలో ప్రణాళిక మీద ప్రశ్నలు. గేట్‌లోనూ ఆర్కిటెక్చర్ వాళ్లకొక భాగం, ప్లానింగ్ వాళ్లకొక భాగం ఉన్నాయి. పరీక్ష హాలులో వేరుపడిన ఈ ఇద్దరూ కొలువు నోటిఫికేషన్‌లో మళ్లీ అదే ‘లేదా’ దగ్గర కలుస్తున్నారు.

విజయవాడకు 250 కోట్లు అడగాలన్న డిమాండు ఢిల్లీ దాకా వెళ్లాలి, అక్కడ ఎవరో వినాలి. మండలికి పార్లమెంటు కావాలి. అర్హతల వరుసలోని ‘లేదా’ను తీయడానికి ఈ రెండూ అక్కర్లేదు. సర్వీసు నిబంధనలు సవరించుకోండని నీతి ఆయోగ్ నివేదిక రాష్ట్రాలకు 2021లోనే చెప్పింది. ఆ ఫైలు కదలాల్సింది అమరావతిలోనూ హైదరాబాద్‌లోనూ.