1 కన్నా -1 పెద్దదైన కథ

సి ప్రోగ్రామింగ్ భాషలో ఒక ఇంట్‌లో (పూర్ణాంకాల రకం) -1, ఒక అన్‌సైన్డ్ ఇంట్‌లో (రుణ సంఖ్యలు లేని రకం) 1 పెట్టి రెండిటినీ పోల్చి చూడండి. -1 పెద్దదని వస్తుంది. పోల్చడానికి ముందు కంపైలర్ (ప్రోగ్రాంను యంత్ర భాషలోకి మార్చేది) ఆ -1ని అన్‌సైన్డ్‌గా మార్చేస్తుంది. ఇంట్ 32 బిట్లయితే అది 4,29,49,67,295 అవుతుంది. ఎర్రర్ రాదు, ప్రోగ్రాం నడిచిపోతుంది. ఎందుకిలా ఉందో తెలియాలంటే సి పుట్టిన అమెరికా పరిశోధనశాల బెల్ ల్యాబ్స్ రోజులకు వెళ్ళాలి.

సికి ముందు అక్కడ కెన్ థాంప్సన్ రాసిన బి భాష ఉండేది. మార్టిన్ రిచర్డ్స్ భాష బీసీపీఎల్‌ను కుదించి చేసిన భాష అది. అందులో డేటా టైపులే (విలువల రకాలు) లేవు. యంత్రపు వర్డ్ (యంత్రం ఒకేసారి పట్టే బిట్ల గుంపు) ఒక్కటే ఉండేది. అదే సంఖ్య, అదే అడ్రస్. టైపులు లేనిచోట మార్పిడి అన్న ప్రశ్నే రాదు. ఆ తర్వాత పీడీపీ-11 కంప్యూటర్ వచ్చింది. దాంట్లో ఒక్కో బైట్‌కీ ఒక అడ్రస్. అక్షరానికి బైట్ చాలు, లెక్కకు 16 బిట్ల వర్డ్ కావాలి. అందుకే డెనిస్ రిచీ 1971 నుంచి ఇంట్, చార్ (అక్షరానికి బైట్ రకం) చేరుస్తూ బిని సిగా మలిచాడు.

పీడీపీ-11లో బైట్‌ను రిజిస్టర్‌లోకి (ప్రాసెసర్ లోపలి గడి) తెస్తే దాని సైన్ బిట్ (ధనమో రుణమో చెప్పే బిట్) పై బిట్లలోకీ పాకేది. కాబట్టి అక్కడ చార్‌కి రుణ విలువలు ఉండేవి. మిగతా యంత్రాలు అలా లేవు. చివరికి సి స్టాండర్డ్ (భాష అధికారిక నియమావళి) ఆ నిర్ణయాన్ని కంపైలర్లకే వదిలేసింది. ఎక్స్86 ప్రాసెసర్లలో చార్ సాధారణంగా సైన్డ్ (రుణ విలువలూ పట్టేది), ఏఆర్ఎమ్ ప్రాసెసర్ల లినక్స్‌లో అన్‌సైన్డ్. గెట్‌చార్ (ఒక్కో అక్షరం చదివేది) ఇచ్చింది చార్‌లో దాచి ఈవోఎఫ్‌తో (ఇన్‌పుట్ అయిపోయిందని చెప్పే రుణ విలువ) పోల్చే లూప్ ఏఆర్ఎమ్ మీద ఆగనే ఆగదు. దాన్ని ఇంట్‌లోనే దాచాలని అందుకే గట్టిగా చెబుతాను.

పీడీపీ-11లో పాయింటర్‌దీ (అడ్రస్ దాచేది) ఇంట్‌దీ ఒకటే కొలత, 16 బిట్లు. జనం ఒకదాన్ని ఇంకొకటిగా వాడేసేవారు. బెల్ ల్యాబ్స్ ఆపరేటింగ్ సిస్టం యూనిక్స్‌ను వేరే యంత్రాలకు తరలించే పని 1977లో మొదలయ్యాక ఆ అలవాటు ఎంత ప్రమాదమో బయటపడింది. స్టీవ్ జాన్సన్ లింట్ అనే తనిఖీ ప్రోగ్రాం రాశాడు. మార్పిడిని మనమే చెప్పి చేయించే క్యాస్ట్ కూడా ఆ దశాబ్దంలోనే వచ్చింది. దాని ఊహ ఆల్గాల్ 68 అనే భాషది.

అసలు పేచీ అన్‌సైన్డ్‌తో. 1978 నాటి సి వర్ణనలో అన్‌సైన్డ్ ఇంట్ మాత్రమే ఉంది. అన్‌సైన్డ్ చార్, అన్‌సైన్డ్ షార్ట్ (షార్ట్ అంటే పొట్టి ఇంట్) తర్వాత కంపైలర్లు ఎవరికి వారు చేర్చుకున్నవి. లెక్కలోకి వచ్చేసరికి ఇవి ఏమవ్వాలి? యూనిక్స్ కంపైలర్లు అన్‌సైన్డ్ గుణాన్ని నిలిపి ఉంచాయి. మరికొన్ని, విలువ ఇంట్‌లో పడితే ఇంట్‌గానే మార్చాయి. అన్‌సైన్డ్ చార్‌లో 200 ఉంచి 201 తీసేస్తే మొదటి పద్ధతిలో పెద్ద ధన సంఖ్య, రెండో పద్ధతిలో -1. 1983లో ఏర్పడిన ఆన్సీ (అమెరికా ప్రమాణాల సంస్థ) కమిటీ, కొత్తవారికి భద్రమంటూ రెండోదాన్ని ఎంచుకుంది. 1989 స్టాండర్డ్‌లో అదే ఉంది.

కానీ ముడి పూర్తిగా విడలేదు. 'ఇంట్‌లో పడితే' అన్నారు గనక జవాబు ఇంట్ కొలత మీద ఆధారపడింది. మన ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల్లో ఏళ్ళ తరబడి వాడిన టర్బో సి కంపైలర్‌లో షార్ట్ లాగే ఇంట్ కూడా 16 బిట్లు. అక్కడ అన్‌సైన్డ్ షార్ట్‌లోని 1 నుంచి 2 తీసేసి, సున్నా కన్నా తక్కువా అని అడిగితే కాదంటుంది. అదే ప్రోగ్రాంకి ఇప్పటి జీసీసీ కంపైలర్ అవునంటుంది. రెండూ స్టాండర్డ్ ప్రకారమే నడుచుకున్నాయి. తన ప్రోగ్రాంలో తప్పెక్కడుందోనని వెతుక్కునే విద్యార్థికి ఈ సంగతి ముందే చెప్పాల్సింది.

మొదట చూసిన పోలికకు జీసీసీ హెచ్చరిక ఇస్తుంది. అయితే సి ప్రోగ్రాంకి 'ఆల్' హెచ్చరికలు అడిగితే అది రాదు, 'ఎక్స్‌ట్రా' కూడా అడగాలి.