దండలు మార్చుకున్నారు సరే, పెళ్లయిందా?

పురోహితుడు లేడు, హోమం లేదు. వేదికెక్కి ప్రమాణం చదివి, దండలు మార్చుకుని, అందరికీ నమస్కారం పెట్టి దిగారు. ఆ జంటకు తమ పెళ్లి మీద అనుమానమేమీ ఉండదు. చట్టానికే ఉంది, ఈనాటికీ.

తెలుగునాట ఇలాంటి పెళ్లిళ్లు కొత్త కాదు. హేతువాద కవి త్రిపురనేని రామస్వామి చౌదరి తెలుగులోనే వివాహ విధి రాశారు. నాస్తికోద్యమ నేత గోరా కూతురి కులాంతర వివాహం 1948లో సేవాగ్రామ్‌లో జరిగింది. దేవుడి పేరు బదులు సత్యం పేరుతో జరిపించడానికి గాంధీ ఒప్పుకున్నారు గానీ, పెళ్లినాటికి ఆయన లేరు.

1934లో తమిళనాట పెరియార్ ఉద్యమ పద్ధతిలో, పురోహితుడు లేకుండా జరిగిన ఒక ఆత్మగౌరవ వివాహం చెల్లదని 1953లో మద్రాసు హైకోర్టు తేల్చింది. శాస్త్రోక్తమైన తంతు లేదు. పోనీ ఆచారం అనుకుందామంటే, ఆచారం తరతరాలుగా రావాలి, ఉద్యమం నిన్నమొన్న పెట్టింది ఆచారం కాదంది. ఆ పెళ్లి చేసుకున్నావిడ కోర్టు లెక్కలో భార్య కాకుండా పోయింది.

1955 హిందూ వివాహ చట్టం ఏడో సెక్షన్ కూడా వధూవరుల్లో ఒకరి ఆచారం ప్రకారమైనా తంతు జరగాలంటుంది. దీన్ని వాడుకున్నవాళ్లు ఎవరనుకున్నారు? భార్య ఉండగానే మరొకరిని చేసుకున్న వ్యక్తి 1965లో సుప్రీంకోర్టులో శిక్ష తప్పించుకున్నాడు, రెండో పెళ్లిలో అవసరమైన తంతు జరగలేదన్న కారణంతో!

తమిళనాడులో అన్నాదురై ప్రభుత్వం 1967లో ఈ హిందూ వివాహ చట్టానికే 7-ఏ సెక్షన్ తెచ్చింది. బంధుమిత్రుల ఎదుట దండ, ఉంగరం, తాళి, ఏదో ఒకటి చాలు. అంతకుముందు అలా జరిగిన పెళ్లిళ్లకూ గుర్తింపు దక్కింది. అప్పటికి పద్నాలుగేళ్ల ముందే ఆంధ్ర విడిపోయింది కాబట్టి ఆ సెక్షన్ మనకు వర్తించదు.

మన జంటలు పొరపాటు పడేది ఇక్కడే. హిందూ వివాహ చట్టం కింద సర్టిఫికెట్ తెచ్చుకుని నిశ్చింతగా ఉంటారు. ఆ రిజిస్ట్రేషన్ జరిగిపోయిన తంతుకు రుజువే గానీ, జరగని తంతును పుట్టించదు. ఇద్దరు పైలట్ల కేసులో 2024లో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పి, సర్టిఫికెట్ ఉన్నా పెళ్లి కానట్టే లెక్కగట్టింది. వీసా కోసం ముందే రిజిస్టర్ చేయించుకునే అలవాటునూ తప్పుపట్టింది.

దండల పెళ్లికి సరైన దారి 1954 ప్రత్యేక వివాహ చట్టం, 15వ సెక్షన్ కింద జరిగిపోయిన పెళ్లిని రిజిస్టర్ చేయించుకోవడం. ఇద్దరికీ 21 ఏళ్లు నిండాలి, పెళ్లి తంతు ఏదో ఒకటి జరిగి అప్పట్నుంచి కలిసే ఉండాలి, దరఖాస్తుకు ముందు కనీసం 30 రోజులు ఆ జిల్లాలో కాపురముండాలి. అభ్యంతరాలకు మరో 30 రోజుల గడువు, ఆపై ముగ్గురు సాక్షుల సంతకాలు. పెళ్లి తర్వాత పుట్టిన పిల్లలందరికీ చట్టబద్ధత వస్తుంది. భార్యాభర్తల హోదా మాత్రం రిజిస్టర్లో ఎక్కిన తేదీ నుంచే. ఈలోగా భర్త పోతే, పెన్షన్ కాగితం మీద ఆమె పేరు ముందు భార్య అని రాయించుకోవడానికి పోరాడాల్సిందే.