డాబా మీది సోలార్‌కు ఐదేళ్ల సర్వీసు ఏమైంది?

డాబాల మీద సోలార్ పెట్టించుకున్న ఇళ్లలో మళ్లీ గొడవ మొదలైంది. 2020, 2021ల్లో బిగించిన సిస్టమ్‌లకు ఐదేళ్ల సర్వీసు గడువు ఒక్కొక్కటిగా తీరిపోతోంది. ఫోన్ చేస్తే "ఇక ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) కట్టండి" అంటున్నారు వాటిని బిగించిన వెండర్లు. ఈ ఐదేళ్లలో ఎన్నిసార్లు వచ్చారని ఇంటివాళ్లు అడుగుతున్నారు, అడగడం న్యాయమే.

2022కల్లా దేశంలో డాబాల మీద 40 గిగావాట్ల సోలార్ (రూఫ్‌టాప్) పెట్టించాలని జాతీయ సోలార్ మిషన్‌లో పెట్టుకున్న లక్ష్యం అందలేదు. నా లెక్కలో అసలు మలుపు 2019 ఫిబ్రవరిలో కేంద్ర కేబినెట్ ఆమోదించిన రూఫ్‌టాప్ సోలార్ పథకం రెండో దశ. 3 కిలోవాట్ల వరకు 40 శాతం సబ్సిడీ, ఆపైన 10 కిలోవాట్ల వరకు ఉన్న భాగానికి 20 శాతం. అమలు డిస్కంలకు, అంటే కరెంటు పంపిణీ సంస్థలకు అప్పగించారు. వాళ్లు టెండర్లు పిలిచి తక్కువ రేటు ఖాయం చేశారు, ఐదేళ్ల మెయింటెనెన్స్‌నూ ఆ రేటులోనే కలిపేశారు. డిస్కంలకిచ్చే ప్రోత్సాహకమేమో కొత్తగా ఎంత కెపాసిటీ చేరిందన్నదాని మీదే. బిగించింది పనిచేస్తోందా లేదా అన్నది ఎవరి లెక్కలోనూ లేదు. సర్వీసు మూలనపడింది అక్కడే.

ప్యానెళ్లు కడుక్కోవడం కస్టమర్ పనేనని వెండర్లంటారు, అందులో కొంత నిజముంది. కానీ బోరు నీళ్లతో కడిగి ఎండలో వదిలేస్తే ఉప్పు చారలు కట్టి అద్దం మసకబారుతుందని, మిట్టమధ్యాహ్నం కాలిపోతున్న అద్దం మీద చన్నీళ్లు పోయకూడదని బిగించిన రోజు చెప్పాల్సింది ఎవరు? ఇంట్లో వైఫై పాస్‌వర్డ్ మారితే ఎంత కరెంటు తయారైందో చూపే యాప్‌లో రీడింగ్ ఆగిపోతుంది, ఆ తర్వాత ఇన్వర్టర్ ట్రిప్పయి కరెంటు తయారవడం ఆగినా బిల్లు చేతికొచ్చేదాకా తెలియదు. 3 కిలోవాట్ల సిస్టమ్ రోజుకు సుమారు 12 యూనిట్లిస్తుంది, నెలరోజులు ఆగిందంటే దగ్గరదగ్గర 360 యూనిట్లు పోయినట్టే.

2022 జులైలో సబ్సిడీకి నేరుగా దరఖాస్తు చేసుకునే జాతీయ పోర్టల్ వచ్చాక వెండర్‌ను ఇంటివాళ్లే ఎంచుకునే వీలొచ్చింది, ఒప్పందంలో ఐదేళ్ల మెయింటెనెన్స్ రాశారు, వెండర్ దగ్గర డిస్కం రూ.2.5 లక్షల బ్యాంక్ గ్యారంటీ (మాట తప్పితే బ్యాంకు నుంచి రాబట్టుకునే హామీ) తీసుకునే నిబంధన పెట్టారు. 2024 నాటి కేంద్ర పథకం పీఎం సూర్యఘర్‌లో సబ్సిడీ రూ.78,000 దాకా పెరిగింది. అయితే ఆ సబ్సిడీ ఇంటివాళ్ల ఖాతాలో పడేసరికే వెండర్‌కు రావాల్సింది దాదాపు ముట్టిపోతుంది, ఆ తర్వాత అతన్ని రప్పించాలంటే డిస్కం చేతిలో మిగిలేది ఆ గ్యారంటీ ఒక్కటే. గడువులోపల పెట్టిన కంప్లయింట్లకు ఇప్పుడు ఏఎంసీ అడగడం తప్పు, వాటిని ఉచితంగా చేయించాల్సిన బాధ్యత డిస్కంలదే.