పాలడబ్బా పొదుపు: అపోహలు - వాస్తవాలు

"నాలుగు స్కూపులకు మూడే వేస్తే డబ్బా ఇంకో వారం వస్తది గదా?" హన్మకొండలో మందుల షాపు కౌంటర్ దగ్గర ఈ మాట వినపడని నెల ఉండదు. అడిగేవాళ్లు పిసినారులేం కాదు. కూలికి పోయే తండ్రులు, బాలింతకు తోడొచ్చిన అమ్మమ్మలు. డబ్బా ధర చూసి గుండె జారినవాళ్లు. వాళ్ల మీద కోపం రాదు. "పలుచగ కలిపితే మంచిగ అరుగుతయి" అని నూరిపోసిన వాడకట్టు వైద్యుల మీదే వస్తుంది.

అపోహ: పలుచటి పాలు పొదుపు, పొట్టకూ తేలిక.

వాస్తవం: లెక్క వేయండి. 400 గ్రాముల డబ్బా, స్కూపుకు సుమారు 4.5 గ్రాములు, 30 మి.లీ. నీళ్లకు ఒక స్కూపు అనుకుంటే డబ్బాకు 88 స్కూపులు. 120 మి.లీ. సీసాకు నాలుగు చొప్పున 22 సీసాలు. మూడే వేస్తే 29. ఏడు సీసాలు మిగిలినట్టే కనిపిస్తుంది. కానీ ఆ సీసాలో బలం ముప్పావే. బిడ్డ గంటన్నరకే మళ్లీ ఏడుస్తుంది, ఇంకో సీసా కలుపుతారు, మిగిలిందనుకున్న పొడి అందులోకే పోతుంది. ఏడవడానికీ ఓపిక లేక పడుకుంటే "మా పాప బుద్ధిమంతురాలు" అని మురుస్తారు. బరువు పెరగలేదన్న సంగతి టీకాల రోజు కాటా మీద బయటపడుతుంది. నీళ్లు మరీ ఎక్కువైతే రక్తంలో సోడియం పడిపోతుంది, పసిబిడ్డ మూత్రపిండాలు అంత నీటిని బయటికి తోయలేవు. మగత, పాలు పట్టకపోవడం, ఆ తర్వాత ఫిట్స్. ఈ లక్షణాలు కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకుపోండి. బలం కోసమని ఒక స్కూపు ఎక్కువేయడమూ తప్పే. మలబద్ధకం వస్తుంది, ఒంట్లో నీరు తగ్గుతుంది.

కలిపే పద్ధతి ఇది. నీళ్లు మరగనిచ్చి దించాలి, అరగంట దాటకముందే కలపాలి. సీసాలో ముందు నీళ్లు కొలిచి, తర్వాత పొడి వేయాలి. పొడి ముందేసి 120 గీత దాకా నీళ్లు పోస్తే నీళ్లు తక్కువ పడి పాలు చిక్కనవుతాయి. స్కూపులో పొడి నొక్కొద్దు, కుప్పగా తీయొద్దు, శుభ్రమైన కత్తి వీపుతో పైన చదును చేయండి. ఏ డబ్బా స్కూపు ఆ డబ్బాకే. కంపెనీ మారితే కొలతా మారొచ్చు, పాత స్కూపు దాచిపెట్టి వాడితే మొదటికే మోసం. చల్లార్చి, ముంజేతి లోపలివైపు ఒక చుక్క వేసుకుని చూశాకే పట్టాలి.

డబ్బులు నిజంగా పోయేది పారబోతలో. 70 తాగే బిడ్డకు 120 కలుపుతారు, మిగిలిన 50 మోరీలోకి. తాగి వదిలిన పాలు మళ్లీ పట్టకూడదు గనక 90 కలపండి, చాలకపోతే ఇంకో 30. మూత తీసిన డబ్బాను మూడు వారాల్లో వాడేయాలి. రోజుకు ఒక్క 90 సీసా పట్టే ఇంట్లో 400 గ్రాములు ఆ లోపల అయిపోవు, అలాంటివాళ్లు చిన్న ప్యాకు తీసుకోవడమే నయం. తేమ తగిలితే గడ్డకడుతుంది, డబ్బాను ఫ్రిజ్‌లో పెట్టొద్దు, పొయ్యి పక్కనా వద్దు.

అసలు డబ్బా అవసరమా అన్నది అన్నిటికంటే పెద్ద లెక్క. మొదటి వారం దాటిన బిడ్డ రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోస్తూ, బరువు పెరుగుతుంటే తల్లిపాలు సరిపోతున్నట్టే. డబ్బా మొదలుపెట్టాక రొమ్ము పట్టేది తగ్గుతుంది, దాంతో పాలూ తగ్గుతాయి. వరంగల్ సీకేఎం ప్రసూతి ఆసుపత్రిలో కాన్పయినవాళ్లు అక్కడి నర్సమ్మతోనో, ఊళ్లో ఏఎన్ఎంతోనో బిడ్డను పట్టే తీరు ఒకసారి సరిచేయించుకోండి.

అపోహ: పండక్కి పాలడబ్బా మీద ఆఫర్ వస్తుంది.

వాస్తవం: రాదు. పసిపిల్లల పాలపొడి అమ్మకాల మీద తెచ్చిన 1992 చట్టం, దానికి 2003లో చేసిన సవరణ ప్రకారం రెండేళ్లలోపు పిల్లల పాలపొడికి ప్రచారం, డిస్కౌంటు, ఫ్రీ గిఫ్టు అన్నీ నిషేధం.

అపోహ: డైపర్లు పెద్ద ప్యాకే చవక.

వాస్తవం: ఒక్కో డైపర్ ఎంత పడుతుందో చూడండి. ఎమ్మార్పీతో పాటు ప్యాకు మీద యూనిట్ ధర ఉంటుంది. 46 ఉన్న ప్యాకు 460, 76 ఉన్నది 798 అనుకోండి, పెద్దదానిలోనే ఒక్కోటికి అర్ధరూపాయి ఎక్కువ. సైజు చూసేది బరువును బట్టి, నెలలను బట్టి కాదు. పుట్టిన మొదటి వారాల సైజువి నాలుగైదు ప్యాకులు కొని పెడితే సగం బీరువాలోనే ఉంటాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి డైపర్ల మీద, పాలసీసాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది, పాత రేటు చెబితే అడగండి. పొదుపని రాత్రంతా ఒకటే ఉంచితే ఒరిసి ఎర్రబడుతుంది, ఆ క్రీము ఖర్చు వేరే. పగలు పాత నూలు చీర గుడ్డలు వాడండి. వాటిని ఉతికేటప్పుడు కంఫర్ట్ లాంటివి వేయొద్దు, గుడ్డ తడి పీల్చదు.

పాలసీసా మాత్రం ఐఎస్ఐ ముద్ర ఉన్నదే కొనండి. అంగట్లో చవకగా వచ్చేది వద్దు.

అపోహ: అంగన్‌వాడీ బాలామృతం బర్రెలకే.

వాస్తవం: ఏడో నెల నుంచి మూడేళ్ల దాకా పిల్లలకు నెలకు 2.5 కిలోలు ఉచితంగా ఇచ్చేది బిడ్డకోసం. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె ఉంటాయి. బర్రె ముందు పోసి, షాపులో రంగురంగుల పిల్లల ఆహారం డబ్బా కొనేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇంట్లోనైతే మూడుపాళ్ల బియ్యం, ఒకపాలు పెసరపప్పు దోరగా వేయించి రవ్వ పట్టించండి, ఉగ్గు తయారు. పదిహేను రోజులకు సరిపడానే పట్టించుకోండి, ఎక్కువైతే పురుగు పడుతుంది.