ఆలయ ఖజానాపై చేయి పడిన ఏడాది

జెరూసలేంలో యూదులు టెంపుల్ మౌంట్ అని, ముస్లింలు హరమ్ అల్ షరీఫ్ అని పిలుచుకునే ప్రాంగణంలో ఎవరు ప్రార్థన చేయవచ్చన్న వివాదం మళ్లీ రాజుకుంది. 1967 తర్వాత కుదిరిన ఏర్పాటు ప్రకారం అక్కడి నిర్వహణ జోర్డాన్ అండ ఉన్న వక్ఫ్ సంస్థది, భద్రత ఇజ్రాయెల్‌ది. ముస్లిమేతరులు చూసి వెళ్లవచ్చు గాని ప్రార్థించకూడదు. గొడవ లేచినప్పుడల్లా క్రీ.శ. 70లో రోమన్ సేనాని టైటస్ సైన్యం చేతిలో దేవాలయం కాలిపోయిన ఘట్టమే చర్చకు వస్తుంది. హేరోదు కట్టడాలు, పిలాతు పాలన కూడా పాఠకులకు తెలిసినవే. అసలు మలుపు మాత్రం అంతకు నాలుగేళ్ల ముందు, 66లో ఉంది.

రోమన్ల కింద ఆలయం యూదులదే అయినా తాళం రోమ్ చేతిలో ఉండేది. క్రీ.శ. 6లో జెరూసలేం ఉన్న యూదయ నేరుగా రోమన్ పాలన కిందికి వచ్చాక, మొదటి దశాబ్దాల్లో ప్రధాన యాజకుణ్ణి నియమించేదీ తొలగించేదీ రోమన్ పాలకుడే. ఆ యాజకుడు పండుగలకు ధరించే పవిత్ర వస్త్రాలు సైతం ఆలయం పక్కనున్న ఆంటోనియా కోటలో రోమన్ల కాపలాలో ఉండేవి. సిరియా పాలకుడు విటెల్లియస్ వాటిని తిరిగి ఇప్పించినా, కొన్నేళ్లకే ఫాదస్ అనే అధికారి మళ్లీ కోటలో పెట్టమన్నాడు. క్లాడియస్ చక్రవర్తి దాకా వెళ్తే గాని ఆ ఆజ్ఞ రద్దు కాలేదు. బదులుగా రోమ్ ఇచ్చిన మన్నన కూడా చిన్నది కాదు. లోపలి గోడ దాటిన పరదేశి తన చావుకు తానే బాధ్యుడని గ్రీకులో చెక్కిన హెచ్చరిక రాయి 1871లో దొరికింది; అది ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది.

ఈ రాజీ నిలిచినంతకాలం మధ్యధరా తీరమంతటి నుంచీ యూదు పురుషులు ఏటా చెల్లించే అర షెకెల్ కానుక జెరూసలేం చేరుతూనే ఉంది. 60ల మొదట్లో ఆలయ నిర్మాణం ముగిసి 18,000 మందికి పైగా కూలీలకు పని లేకుండా పోయినప్పుడు, వీధులకు తెల్ల రాళ్లు పరిచే పని కల్పించారు. కారణం దయ ఒక్కటే కాదు. ఖజానాలో సొమ్ము పోగుపడి ఉంటే రోమన్లు ఎత్తుకుపోతారన్న భయం కూడా ఉందని ఆ కాలపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు.

ఆ భయమే నిజమైంది. 66లో యూదయ రోమన్ పాలకుడు ఫ్లోరస్, చక్రవర్తి అవసరాలకంటూ ఖజానా నుంచి 17 తలాంతులు (తలాంతు అంటే వెండి బంగారాలను తూచే పెద్ద కొలత) తీయించాడు. కొందరు కుర్రవాళ్లు బుట్ట పట్టుకుని, పాపం పేద ఫ్లోరస్‌కు చిల్లర వేయండంటూ ఊరంతా తిరిగారు. ఆ వెక్కిరింతకు బదులుగా అతను సైనికులను ఎగువ బజారు మీదికి వదిలాడు. ఆడవాళ్లూ పిల్లలతో కలిపి ఒక్క రోజులో 3,600 మంది చనిపోయారని జోసెఫస్ లెక్క.

తర్వాత ఆలయ అధికారి ఎలియాజరు, పరదేశుల కానుకలను, బలులను స్వీకరించవద్దని యాజకులను ఒప్పించాడు. చక్రవర్తి క్షేమం కోసం రోజూ జరిగే బలి దాంతో ఆగిపోయింది. రోమ్‌పై తిరుగుబాటు మొదలైంది. పూర్వులు పరదేశుల కానుకలను ఏనాడూ తిప్పి పంపలేదని పెద్ద యాజకులు శాస్త్రం తెలిసినవారిని తెచ్చి చెప్పించినా వినేవారు లేకపోయారు. ఎందుకు వింటారు? ప్రధాన యాజకుల సేవకులు కళ్లాల మీదపడి దశమభాగాలు లాక్కుపోతుంటే, ఆ ధాన్యమే ఆధారమైన పేద యాజకులు ఆకలితో చచ్చారని రాసింది కూడా జోసెఫసే. సంపన్న యాజక కుటుంబంలో పుట్టి, యుద్ధంలో రోమన్లకు లొంగిపోయిన ఆయన తిరుగుబాటుదారులను దొంగలంటాడు. ఆ దొంగలు నగరంలో ముందుగా తగలబెట్టిన వాటిలో అప్పు పత్రాలు దాచిన భవనం ఒకటి. ఎలియాజరు తండ్రి, మాజీ ప్రధాన యాజకుడు అననీయ, ఆ తిరుగుబాటులోనే హతుడయ్యాడు.

70 తర్వాత చక్రవర్తి వెస్పాసియన్ అర షెకెల్‌ను రద్దు చేయలేదు, దారి మళ్లించాడు. రోమ్‌లోని జూపిటర్ గుడి పేరిట, ఆడవాళ్లూ పిల్లలూ సహా ప్రతి యూదుడూ ఏటా రెండు దేనారాలు (రోమన్ వెండి నాణేలు) కట్టాలి. పన్ను ఎగ్గొట్టాడేమోనని తొంభై ఏళ్ల ముసలివాడిని నిండు సభలో బట్టలు విప్పించి సున్తీ పరీక్షించడం కుర్రతనంలో కళ్లారా చూశానని రోమన్ రచయిత సూటోనియస్ రాశాడు. డొమిషియన్ చక్రవర్తి కాలపు ఆ వేధింపులు ఆగాయని తర్వాతి చక్రవర్తి నెర్వా 96లో నాణేలు వేయించాడు. పన్ను మాత్రం కొనసాగింది.